టీనేజ్‌లో డిప్రెషన్ మందులు వాడితే పెద్దయ్యాక చదువు, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయా?

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మాయికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ. డిప్రెషన్ అని చెప్పి డాక్టర్ ఫ్లూక్సెటిన్ 20 మిల్లీగ్రాములు రాశారు. నాలుగు నెలలుగా వాడుతున్నారు, పిల్ల బాగానే కోలుకుంది. ఈలోగా బంధువు ఒకాయన ఒక వీడియో పంపారు. ఈ మందులు ఎదిగే మెదడును పాడుచేస్తాయని, పెద్దయ్యాక నేర్చుకునే శక్తి తగ్గిపోతుందని, ఎలుకల మీద ఇది రుజువైందని అందులో ఉందట. "మున్ముందు నీట్ రాయాల్సిన పిల్ల. ఇప్పుడే ఆపేయమంటారా?" అని ఆమె అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు. ఈ భయంతో మందు ఆపకండి అమ్మా. సరైన అవసరానికి, సరైన డోసులో, డాక్టర్ పర్యవేక్షణలో టీనేజ్‌లో వాడిన ఫ్లూక్సెటిన్ వల్ల మనుషుల్లో జ్ఞాపకశక్తి గానీ తెలివితేటలు గానీ శాశ్వతంగా తగ్గాయని ఇంతవరకు రుజువు కాలేదు. వైద్యం లేకుండా వదిలేసిన డిప్రెషన్ చదువును దెబ్బతీస్తుందన్నది మాత్రం మేం రోజూ చూసే విషయం. అయితే "అసలు ఏమీ కాదు, నిశ్చింతగా ఏళ్ల తరబడి వాడండి" అని కూడా నేను అనను. జాగ్రత్త పడాల్సినవి ఉన్నాయి. అవి ఆ వీడియోలో చెప్పినవి కావు, అంతే.

నేను గుంటూరులో పిల్లలకు, టీనేజర్లకు మానసిక వైద్యం చేస్తాను. ఇరవై ఏళ్లు దాటింది. రెసిడెన్షియల్ కాలేజీలు ఇంత దట్టంగా ఉన్న చోట పనిచేస్తున్నాను కాబట్టి "మేడం, చదివింది గుర్తుండట్లేదు" అన్న మాట వినని వారం ఉండదు. ఆ మాట వెనుక ఏముందో విడదీసి చూడటమే ఇక్కడ అసలు పని. కింద నేను చెప్పే పిల్లల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

మొదట జబ్బు సంగతి. డిప్రెషన్ అంటే దిగులు ఒక్కటే అనుకుంటారు చాలామంది. ఏకాగ్రత, ఆలోచనలో వేగం, ఒక విషయాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచుకుని దానితో పనిచేయడం, రేపటికి ప్లాన్ వేసుకోవడం, ఇవన్నీ అందులో దెబ్బతింటాయి. ఒక ఎంపీసీ అమ్మాయి ఫిజిక్స్ పుస్తకం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. పేజీ అంచున పెన్సిల్‌తో సన్నటి చుక్కలు ఉన్నాయి. ఏమిటని అడిగితే, ఆ పేజీని ఎన్నిసార్లు చదివితే అన్ని చుక్కలు పెడుతోందట. కొన్ని పేజీల పక్కన ఏడెనిమిది ఉన్నాయి. మొదటి అధ్యాయాల్లో ఒకటో రెండో, జబ్బు ముదిరిన నెలలకు వచ్చేసరికి అంచంతా చుక్కలే. అప్పటికి ఆ పిల్ల ఒక్క టాబ్లెట్ కూడా వేసుకోలేదు. మందు మొదలుపెట్టి, దాంతో పాటు కౌన్సెలింగ్ ఇప్పించాక, మూడో నెలలో తెచ్చిన పుస్తకంలో చుక్కలు మళ్లీ పలచబడ్డాయి.

ఆ మతిమరుపును ఎవరూ గమనించకముందే ఆ పిల్లకు మందు మొదలై ఉంటే, అది మందు ఖాతాలో పడేది. మీ బంధువుల వీడియోలాంటి వాటిలో జరిగే పొరపాటు చాలావరకు ఇదే. డిప్రెషన్ మందులు వాడిన పిల్లలను, వాడని పిల్లలను పోల్చి, వాడినవాళ్లకు మార్కులు తక్కువ వచ్చాయి కాబట్టి మందే కారణమంటారు. పారాసిటమాల్ ఎక్కువ కనిపించేది జ్వరం ఉన్నవాళ్ల ఇంట్లోనే. అంతమాత్రాన జ్వరం దానివల్ల వచ్చిందని అనం కదా. ఇంకో చిక్కు కూడా ఉంది. దిగులు తగ్గాక కూడా కొందరిలో ఏకాగ్రత పూర్తిగా వెనక్కి రావడానికి సమయం పడుతుంది. మూడ్ బాగుపడింది, మందు నడుస్తోంది, చదువు మాత్రం ఇంకా పుంజుకోలేదు. సరిగ్గా ఆ నెలల్లోనే తల్లిదండ్రుల అనుమానమంతా మందు మీదకు మళ్లుతుంది.

ఇప్పుడు ఎలుకల సంగతికి వస్తాను. ఇది కొట్టిపారేయాల్సిన విషయం కాదు, వివరంగా చూడాల్సిన విషయం.

2004లో సైన్స్ పత్రికలో ఒక ముఖ్యమైన పరిశోధన వచ్చింది. పుట్టిన 4వ రోజు నుంచి 21వ రోజు వరకు చిట్టెలుకలకు ఫ్లూక్సెటిన్ ఇస్తే, మందు ఆపేసి చాలా కాలమైనా, పెద్దయ్యాక వాటిలో భయం, ఆందోళన లాంటి ప్రవర్తన ఎక్కువగా కనిపించింది. చాలా వీడియోలకు మూలం ఇదే. కానీ చిట్టెలుకలో ఆ వయసు మన పిల్లల్లో దేనికి సమానం? దాదాపుగా కడుపులో చివరి నెలలు మొదలుకుని పసితనం దాకా. ఇంటర్ చదివే అమ్మాయికి కాదు. 2014లో ఇంకాస్త లోతుగా వెళ్లి చూస్తే, ఆ ప్రభావానికి కీలకమైన కాలం పుట్టాక 2 నుంచి 11 రోజుల మధ్యేనని తేలింది. మన దేశంలో ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో విదిత వైద్య అనే శాస్త్రవేత్త ప్రయోగశాల కూడా ఏళ్లుగా ఇదే దారిలో పనిచేస్తోంది. సెరటోనిన్ అంటే మెదడు కణాల మధ్య సందేశాలు మోసే రసాయనం, ఫ్లూక్సెటిన్ పనిచేసేది దాని మీదే. పసితనంలో దాని తేడాలు పెద్దయ్యాక ఆందోళనను ఎలా మలుస్తాయన్నది వాళ్ల ప్రశ్న. మెదడు ఎదుగుదలలో సెరటోనిన్ ఒక్కో వయసులో ఒక్కో పని చేస్తుంది. అందుకే ఏ వయసులో ఇచ్చారో చెప్పకుండా "ఎలుకల్లో రుజువైంది" అంటే ఆ మాటకు అర్థం లేదు.

సరే, టీనేజ్ ఎలుకల మీద జరగలేదా అంటే, జరిగాయి. 2010లో వచ్చిన ఒక పరిశోధనలో 35వ రోజు నుంచి 49వ రోజు వరకు, అంటే ఎలుకల కౌమారంలో, ఫ్లూక్సెటిన్ ఇచ్చారు. పెద్దయ్యాక వాటి స్పందనలు రెండు రకాలుగా ఉన్నాయి. ఒత్తిడి పెట్టినప్పుడు త్వరగా చేతులెత్తేసే ప్రవర్తన తగ్గింది, అది మంచిదే. కొత్త చోట్ల, ఇబ్బందికర పరిస్థితుల్లో ఆందోళన మాత్రం పెరిగింది. 2007 నాటి మరో అధ్యయనం మీరడిగిన దానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. కౌమారంలో ఈ మందు తీసుకున్న ఎలుకల్లో, చూసి తేడా పట్టే పనిలోనూ శ్రద్ధలోనూ చాలా కాలం నిలిచే మార్పులు కనిపించాయని, ఆ మార్పులు మగవాటిలో ఒకలా ఆడవాటిలో ఒకలా ఉన్నాయని అందులో రాశారు. నన్ను ఆలోచింపజేసేవి ఇలాంటివే. అయితే వీటిని చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఇలాంటి ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది ఆరోగ్యంగా ఉన్న జంతువులను. జబ్బు లేని మెదడుకు మందు ఇస్తే ఏమవుతుందన్నది ఒక ప్రశ్న, జబ్బున్న మెదడుకు ఇస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. రెండోది, డోసు. ఎలుకల శరీరం మందును మనకంటే వేగంగా ఖర్చు చేస్తుంది కాబట్టి కిలో బరువుకు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తారు. ఆ అంకెలను నేరుగా మన పిల్లలకు అన్వయించలేం.

ఇదే మందు గురించి మీ బంధువు పంపని వీడియో కూడా ఒకటి చేయొచ్చు. 2008లో పెద్ద ఎలుకల మీద జరిగిన ప్రయోగంలో, ఫ్లూక్సెటిన్ ఇచ్చాక, ఎదుగుదల ముగిసి గట్టిపడిపోయిన, మెదడులోని చూపు కేంద్రాలు మళ్లీ కొత్తగా నేర్చుకునే స్థితికి వచ్చాయి. 2011లో ఎలుకల్లోనే, ఈ మందుతో పాటు తగిన శిక్షణ కూడా ఇస్తే పాత భయం చెరిగిపోయింది. మందు ఒక్కటే ఇస్తే అలా జరగలేదు, శిక్షణ ఒక్కటే ఇచ్చినా నిలవలేదు. "టాబ్లెట్‌తో పాటు కౌన్సెలింగ్ కూడా చేయించండి" అని నేను పట్టుబట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇక మనుషులు. ఫ్లూక్సెటిన్‌ను 8 ఏళ్లు దాటిన పిల్లల డిప్రెషన్‌కు వాడొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లో అనుమతి ఇచ్చింది. 12 నుంచి 17 ఏళ్ల వాళ్ల డిప్రెషన్‌కు అదే రకానికి చెందిన మరో మందు ఎస్‌సిటలోప్రామ్‌కు 2009లో ఇచ్చింది. 2004లో వెలువడిన టాడ్స్ అనే అధ్యయనంలో 439 మంది టీనేజర్లు ఉన్నారు. పన్నెండు వారాలకు మందు, కౌన్సెలింగ్ రెండూ తీసుకున్నవాళ్లలో 71 శాతం, మందు ఒక్కటే తీసుకున్నవాళ్లలో దాదాపు 61 శాతం, కౌన్సెలింగ్ ఒక్కటే అయితే 43 శాతం, ఉత్తుత్తి మాత్ర (లోపల మందు లేనిది) అయితే 35 శాతం మెరుగయ్యారు. 2016లో 34 ట్రయల్స్‌ను, 14 మందులను కలిపి చూసిన, లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణలో, పిల్లల్లో ఉత్తుత్తి మాత్ర కంటే స్పష్టంగా మెరుగ్గా పనిచేసింది ఫ్లూక్సెటిన్ ఒక్కటే. మీ డాక్టర్ వేరేది కాకుండా ఇది ఎందుకు రాశారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఈ ట్రయల్స్‌లో మందును ఉత్తుత్తి మాత్రతో పోల్చింది ఎక్కువగా 8 నుంచి 12 వారాలు. జబ్బుతో బాధపడే పిల్లలను అయిదేళ్లపాటు ఉత్తుత్తి మాత్ర మీద ఉంచడం తప్పు కాబట్టి, పదేళ్ల తర్వాతి జ్ఞాపకశక్తి గురించి కచ్చితమైన జవాబు అలాంటి ట్రయల్‌లో దొరకదు. టాడ్స్ పిల్లల్లో 196 మందిని అయిదేళ్ల దాకా గమనించారు. ఆ మొదటి డిప్రెషన్ నుంచి 96 శాతం మంది కోలుకున్నారు, కోలుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి అది మళ్లీ వచ్చింది. ఒక డాక్టర్‌గా నన్ను భయపెట్టే అంకె ఇదే. మళ్లీ వచ్చిన ప్రతిసారీ ఈఏపీసెట్టో, సెమిస్టరో, ఉద్యోగంలో మొదటి ఏడాదో గల్లంతవుతుంది.

ఇంతవరకు భయపడక్కర్లేనిది చెప్పాను. చదువును నిజంగా దెబ్బతీసేవి వేరే ఉన్నాయి, వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఒకటి, చీటీలో పక్కనే ఉండే రెండో మందు. మన దగ్గర ఎస్‌సిటలోప్రామ్, క్లోనజెపామ్ కలిపి ఒకే మాత్రగా వస్తుంది, విరివిగా రాస్తారు. క్లోనజెపామ్, అల్ప్రజోలామ్, ఎటిజోలామ్ లాంటివి ఆందోళనకు, నిద్రకు ఇచ్చేవి. కొత్తగా చదివింది మెదడులో నాటుకోకుండా అడ్డుపడేది ఈ జాతి మందులే. హాస్టల్‌లో ఉండే ఒక అబ్బాయిని వాళ్ల నాన్నగారు తీసుకొచ్చారు. "డిప్రెషన్ మందు వాడినప్పటి నుంచి వీడి బుర్ర పనిచేయడం లేదు మేడం" అన్నారు. చీటీ చూస్తే ఆ కాంబినేషన్ మాత్ర, రోజుకు రెండు. రెండు వారాలకు రాసిన దాన్ని అదే చీటీ చూపించి మెడికల్ షాపులో నెలల తరబడి కొంటూ వచ్చారు. పొద్దున స్టడీ అవర్‌లో నిద్ర, మధ్యాహ్నం మగత, రాత్రి చదివింది తెల్లారేసరికి లేదు. ఎస్‌సిటలోప్రామ్‌ను అలాగే ఉంచి క్లోనజెపామ్‌ను మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాం. అది పూర్తిగా ఆగేసరికి అబ్బాయి బుర్ర మామూలుగా పనిచేసింది. గుర్తుంచుకోండి, నెలల తరబడి వాడిన ఆ మందును ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. పాత తరం డిప్రెషన్ మందులు అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ లాంటివి కూడా మగత, నోరెండిపోవడం, జ్ఞాపకం మందగించడం తెస్తాయి. పైగా పిల్లల డిప్రెషన్‌లో అవి పెద్దగా పనిచేయవు. తలనొప్పికో, పక్క తడపడానికో ఎవరైనా రాశారేమో చూసుకోండి.

రెండోది మొద్దుబారడం. దిగులు పోతుంది, దాంతో పాటు ఉత్సాహం కూడా పోతుంది. ఒక అబ్బాయి నాతో అన్న మాట: "మేడం, తప్పు రాసినా ఏమీ అనిపించట్లేదు, రైట్ వచ్చినా ఏమీ అనిపించట్లేదు." ఇది జ్ఞాపకశక్తి సమస్య కాదు, కానీ చదువు మీద దెబ్బ అలాగే పడుతుంది. ఎందుకంటే తప్పు చేసినప్పుడు చురుక్కుమనడం, సరిగా చేసినప్పుడు సంతోషం కలగడం నేర్చుకోవడంలో భాగమే. 2023లో కేంబ్రిడ్జ్, కోపెన్‌హేగన్ పరిశోధకులు 66 మంది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనం దీనికి దగ్గరగా ఉంది. మూడు వారాలకు పైగా ఎస్‌సిటలోప్రామ్ వేసుకున్నవాళ్లలో శ్రద్ధ, జ్ఞాపకశక్తి పరీక్షల్లో తేడా లేదు. ఏ పని చేస్తే లాభమో, ఏది చేస్తే నష్టమో ఫలితాన్ని బట్టి నేర్చుకునే పరీక్షలో మాత్రం స్పందన తగ్గింది. ఊరటనిచ్చే సంగతేమిటంటే ఇది సాధారణంగా డోసును బట్టి ఉంటుంది, తగ్గిస్తే తగ్గుతుంది. ఆ అబ్బాయికి డోసు సగం చేశాక రెండు నెలలకు వాళ్లమ్మ ఫోన్ చేసి, "మార్కులు తగ్గాయని మళ్లీ అలిగాడు మేడం" అని సంతోషంగా చెప్పింది. పిల్లలు ఈ లక్షణాన్ని తమంతట తాము చెప్పరు, అడగాలి. ఇంట్లోవాళ్లకేమో అల్లరి తగ్గి బుద్ధిమంతుడైనట్టు కనిపిస్తాడు.

మూడోది, మొదటి వారాల్లో వచ్చే అస్థిమితం. నిద్ర పట్టకపోవడం, కాళ్లు చేతులు ఊరుకోకపోవడం, చిరాకు, విసురు. కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు కూడా రావచ్చు. 2004లో ఎఫ్‌డీఏ డబ్బా మీద నల్ల చట్రంలో హెచ్చరిక పెట్టించింది అందుకే. 24 ట్రయల్స్‌లో 4,400 మందికి పైగా పిల్లలను చూస్తే, అలాంటి ఆలోచనలు, ప్రవర్తన మందు వాడినవాళ్లలో 4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2 శాతం. ఆ ట్రయల్స్‌లో ఒక్క ఆత్మహత్యా జరగలేదు. మీరు నాలుగు నెలలు దాటారు కాబట్టి ఆ గండం చాలావరకు గడిచింది. డోసు పెంచినా తగ్గించినా మాత్రం మళ్లీ అదే జాగ్రత్త అవసరం. ఎప్పుడైనా అలాంటి మాట పిల్ల నోట వస్తే ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి. రాత్రిపూట అయినా 14416కు ఫోన్ చేయొచ్చు. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.

నాలుగోది, ఉన్నట్టుండి ఆపేయడం. దీనికి నా దగ్గర ఎక్కువ కథలు వేసవి సెలవులవే. అమెరికా నుంచి పిల్లలు అమ్మమ్మ గారింటికి వస్తారు. అక్కడ పిల్లల డాక్టర్ రాసిన మాత్ర చూసి ఇక్కడి పెద్దవాళ్లు "ఇంత చిన్నపిల్లకి పిచ్చి మందులా" అని దాచేస్తారు. నాలుగు రోజులకు తల తిరగడం, ఏడుపు, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం మొదలవుతాయి. అప్పుడు నా దగ్గరకు తీసుకొస్తారు. పరాక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులతో ఇది ఎక్కువ. ఫ్లూక్సెటిన్ శరీరంలోంచి నెమ్మదిగా, వారాల మీద పోతుంది కాబట్టి ఈ బాధ తక్కువ. కానీ అదే కారణంగా ఇంకో మోసం జరుగుతుంది. ఆపిన నెల రోజులూ పిల్ల బాగానే ఉంటుంది, "చూశారా, మందు లేకపోయినా బాగుంది" అంటారు. రెండో నెలో మూడో నెలో జబ్బు తిరగబెడుతుంది. అప్పటికి మందు ఆపిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

మందు మొదలుపెట్టే ముందు నేను చేసే చిన్న పని ఒకటి చెప్తాను, మీరు ఇప్పుడైనా మొదలుపెట్టొచ్చు. పిల్ల చేత్తో రాసిన నోట్సులో ఒక పేజీ ఫోటో తీసి ఫైల్లో పెడతాను. కొన్ని అంకెలు చెప్పి వెనక నుంచి చెప్పమంటాను. 7, 2, 9 అంటే 9, 2, 7 అనాలి, అలా ఎన్ని అంకెల దాకా వెళ్లగలరో రాసుకుంటాను. గంటలో ఎన్ని పేజీలు చదువుతోందో, ఎన్ని గంటలు నిద్రపోతోందో పిల్లనే అడుగుతాను. మూడు నెలలకోసారి ఇవే మళ్లీ. ఇది పెద్ద పరీక్షేం కాదు. అయినా "మందు వల్ల మతిమరుపు వచ్చింది" అని ఎవరైనా అన్నప్పుడు, ముందు ఎలా ఉండేదో చూపించడానికి కాగితం మీద ఏదో ఒకటి ఉండాలి. నిజంగానే పడిపోతుంటే నాకూ అక్కడే తెలుస్తుంది. అప్పుడు నేను మొదట వెతికేది నిద్ర, రక్తహీనత, థైరాయిడ్, పక్క మందులు, మిగిలిపోయిన డిప్రెషన్. ఫ్లూక్సెటిన్ ఆ జాబితాలో ఉంటుంది, కానీ కింద ఎక్కడో. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టే హాస్టల్‌లో ఉన్న పిల్లకు జ్ఞాపకశక్తి ఎందుకు తగ్గిందో చెప్పడానికి ఎలుకల దాకా వెళ్లక్కర్లేదు.

చివరగా, ఎప్పుడు ఆపాలన్నది. ఇది మీ డాక్టర్ నిర్ణయం, నేను పద్ధతి మాత్రమే చెప్తాను. మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే, పిల్ల పూర్తిగా బాగయ్యాక ఇంకో ఆరు నెలల నుంచి ఏడాది వరకు అదే డోసు కొనసాగిస్తాం. లెక్క మందు మొదలుపెట్టిన రోజు నుంచి కాదు, బాగైన రోజు నుంచి. ఆ తర్వాత తగ్గించి ఆపుతాం. మీ అమ్మాయి విషయంలో ఆ సమయం రెండో సంవత్సరం మొదట్లో పడేలా చూడమని అడగండి. అప్పుడు తిరగబెట్టినా సర్దుకోవడానికి సమయం ఉంటుంది. రెండో సంవత్సరం జనవరి నుంచి నీట్ అయ్యేదాకా మాత్రం తగ్గించే ప్రయత్నం వద్దు. అప్పటికి ఆపలేకపోతే పరీక్ష అయ్యాకే చూసుకోవచ్చు, ఆ నాలుగైదు నెలలు ఎక్కువ వాడినందుకు కంగారు పడకండి. ఈలోగా తర్వాతి విజిట్‌కు వెళ్లినప్పుడు చీటీలో ఫ్లూక్సెటిన్ కాకుండా ఇంకేం ఉన్నాయో, ఒక్కొక్కటి ఎన్నాళ్లకు రాశారో అడిగి, ఆ తేదీలు చీటీ మీదే రాయించుకోండి.